సెలవు చీటీలో రాయలేని జబ్బు

సెలవు దరఖాస్తులో కారణం దగ్గర 'వైరల్ జ్వరం' అని ఉంటుంది. రాసిన ఉద్యోగినికి జ్వరం లేదు. నెల రోజులుగా నిద్ర లేదు. పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరవాలంటే గుండె దడ. ఆ మధ్యాహ్నం అమీర్‌పేటలో మానసిక వైద్యుణ్ని చూసి, మాత్రల షీటు హ్యాండ్‌బ్యాగు లోపలి అరలో దాచుకుంటుంది. మర్నాడు ఆఫీసులో 'జ్వరం తగ్గిందా?' అని అడిగితే తగ్గిందనే చెబుతుంది. ఇలాంటి జ్వరాలు మాదాపూర్‌లో ఉన్నాయి, రుషికొండలో ఉన్నాయి, బ్యాంకు శాఖల్లో, బస్సు డిపోల్లో ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎవరినైనా కించపరచాలంటే 'ఎర్రగడ్డకు పంపాలి' అంటారు. విశాఖలో ఆ మాటకు చినవాల్తేరు ఉంది. మానసిక వైద్యశాల ఉన్న చోటు పేరే తిట్టయిపోయాక, ఆ అబద్ధం రాసినందుకు ఆమెను తప్పుపట్టలేం.

తప్పు ఆమె చేత ఆ అబద్ధం రాయిస్తున్న వ్యవస్థది. కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. మోయలేని పనిభారం, పై అధికారి వేధింపులు, రేపు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకపోవడం మనుషులను లోలోపల తినేస్తాయి. 2024లో పుణెలో 26 ఏళ్ల చార్టర్డ్ అకౌంటెంట్ ఉద్యోగంలో చేరిన నాలుగు నెలలకే చనిపోయింది. పనిభారమే తన బిడ్డను పొట్టన పెట్టుకుందంటూ ఆ తల్లి సంస్థ అధిపతికి రాసిన ఉత్తరాన్ని దేశమంతా చదివింది. చదివి మరిచిపోయింది.

కంపెనీలు ఏమీ చేయడం లేదని అనలేం. ప్రపంచ మానసిక ఆరోగ్య దినమైన అక్టోబరు 10న యోగా తరగతి పెడతాయి, కౌన్సెలింగ్ నంబరు గోడకు అంటిస్తాయి. ఆ నంబరు ముందు నిలబడ్డ ఉద్యోగి మనసులో మెదిలే ప్రశ్న ఒక్కటే: 'నేను ఫోన్ చేస్తే హెచ్‌ఆర్‌కు తెలుస్తుందా?' దీనికి నమ్మదగిన జవాబు లేనంతకాలం ఆ ఫోన్ మోగదు. ప్రమోషన్ల జాబితా, తీసివేతల జాబితా తయారుచేసే విభాగమే ఓదార్పు కూడా తానే ఇస్తానంటే ఏ ఉద్యోగి నోరు విప్పుతాడు?

చట్టం కొంతమేరకే కాపాడుతోంది. శరీరానికి వచ్చే జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెప్పింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆదేశించింది. మానసిక అనారోగ్యమూ ఆ వైకల్యాల్లో ఒకటి. ఒక సీఆర్‌పీఎఫ్ ఉద్యోగి కేసులో 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు అలాంటి ఉద్యోగి పక్షానే నిలిచింది. అయితే తొలగించరాదన్న ఆ రక్షణ ప్రభుత్వ సంస్థల వరకే. ప్రైవేటు ఉద్యోగికి అంత గట్టి అండ లేదు.

ఈ లోటుకు జపాన్ ఒక దారి చూపింది. ఆ దేశం 2015 డిసెంబరు నుంచి 50 మంది, అంతకు మించి పనిచేసే చోట ఏటా ఒత్తిడి పరీక్ష తప్పనిసరి చేసింది. ఫలితం నేరుగా ఉద్యోగి చేతికే వెళ్తుంది. అతను ఒప్పుకోకుండా యజమాని చూడకూడదు. డాక్టరుతో మాట్లాడతానని అడిగినందుకు అతనికి ఏ నష్టమూ చేయకూడదు. పని మనుషుల ప్రాణాలు తీయడాన్ని ఏళ్ల తరబడి చూసిన దేశం అది. మనం అంతదాకా ఆగనక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు రెండూ 2025లో రోజు పని పరిమితిని 10 గంటలకు పెంచేందుకు వీలు కల్పించాయి. పెంచిన చేత్తోనే ఈ రక్షణా ఇవ్వాలి. కౌన్సెలింగ్‌ను బయటి నిపుణులకే అప్పగించాలి, వచ్చినవారి పేర్లు యాజమాన్యానికి చేరకూడదు. సెలవుకు డాక్టరు సంతకం చాలు, ఏ విభాగం డాక్టరో అడగకూడదు. సాయం కోరినవారిని ఆ కారణంతో తీసేస్తే, బదిలీ చేస్తే శిక్ష పడాలి. కార్మిక శాఖ అధికారి తనిఖీకి వెళ్లినప్పుడు హాజరు పట్టీతో పాటు వీటినీ చూడాలి.

హెచ్‌ఆర్ విభాగమే లేని చోట పనిచేసేవారి సంగతి వేరు. దుకాణంలో సేల్స్ కుర్రాడికి, కాంట్రాక్టు సెక్యూరిటీ గార్డుకు, ఇంటింటికీ తిండి చేరవేసే డెలివరీ బాయ్‌కి ఇప్పుడున్న దారులు రెండే. ఒకటి 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్. 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. రెండోది సర్కారు ఆసుపత్రి. అక్కడ ఓపీ చీటీలు ఇచ్చేది పొద్దున పూట. వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, వెళ్లకపోతే జబ్బు ముదురుతుంది. జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం వారానికి కనీసం రెండు సాయంత్రాలు తెరిచి ఉండాలి, అదీ ఈ బడ్జెట్‌లోనే.