మడత పొయ్యి మాహాత్మ్యం

గృహప్రవేశానికి వెళ్ళి, పాలు పొంగకుండా చూసి వచ్చినదాన్ని ఈ లోకంలో నేనొక్కదాన్నే అయివుంటాను.

జరిగిందేమిటంటే, మా మేనత్త కొడుకు తెనాలిలో ఫ్లాటు కొన్నాడు. నందివెలుగులో తాతల నాటి పెంకుటిల్లు వుంది గానీ, పిల్లల చదువులూ బావ ఉద్యోగమూ తెనాలిలో. ఎంత దగ్గరైనా రోజూ తిరగడం కష్టమే కదా. కొనుక్కున్నారు, సంతోషం. తెల్లవారుజామున ముహూర్తం. "పాలు తూర్పుకి పొంగాలమ్మా" అన్నారు పురోహితుడుగారు. మా అక్కయ్య, అంటే బావ భార్య, వంటింటి గోడకున్న చెక్క పలకని బందుల మీద కిందికి దించింది. లోపలినించి నల్లటి అద్దంలా మెరుస్తూ రెండు చక్రాల ఇండక్షన్ పొయ్యి బయటపడింది! పైకి తోసేస్తే బీరువా తలుపు, కిందికి దించితే పొయ్యి. వచ్చిన ఆడవాళ్ళంతా "అబ్బ!" అన్నారు. నేనూ అన్నాను, అబద్ధమెందుకూ?

పాలు మరిగాయి, అంచుదాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడు అక్కయ్య గిన్నె టక్కున దించేసింది.

"పొంగితే బందుల్లోకి పోతాయిట. లోపల వైర్లున్నాయిట. బిగించినవాడు నాలుగుసార్లు చెప్పి వెళ్ళాడు" అంది బిక్కమొహం వేసుకుని.

పురోహితుడుగారు లోకం తెలిసినవారు. "పొంగబోయాయి కదమ్మా, పొంగినట్టే" అని మంత్రం చదివేశారు.

అందరూ నవ్వారు. నవ్వనిది మా మేనత్త ఒక్కత్తే. ఆవిడ ముక్కాలిపీట చేత్తో పట్టుకుని గుమ్మంలో నించుంది. "ఇది ఎక్కడ వేసుకోమంటావే?" అని నన్నడిగింది. లోపలికి తొంగిచూశాను. అయిదడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు. అక్కయ్య లోపల వుంటే నేను గుమ్మంలో వుండాలి. నేను గుమ్మంలో వుంటే అత్తయ్య హాల్లో వుండాలి. ఇహ ముక్కాలిపీట నందివెలుగులోనే వుండాలి.

ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇప్పుడు ఎక్కడ చూసినా ఈ మడత సామాన్ల ప్రకటనలే. మడిచిపెట్టే స్టవ్వు, నొక్కితే అప్పడంలా అణిగిపోయే రబ్బరు కెటిలు, అణిగిపోయే చిల్లుల పళ్ళెం, గోడలోకి వెళ్ళిపోయే వంటగట్టు. అన్నిటి కిందా ఒకటే మాట: "స్థలం ఆదా". బాగానే వుంది. ఆదా చేసిన స్థలం ఎవరి ఖాతాలో పడిందో ఎవరైనా చెబుతారా?

నేను చెబుతాను. బావ ఫ్లాటులో హాలు పద్దెనిమిదడుగుల పొడవు. అందులో ఏనుగంత సోఫా, గోడంత టీవీ, ఎవరూ ముట్టుకోని బొమ్మల అద్దాల బీరువా. కింద కారు నిలపడానికి ఎనిమిదడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవున పచ్చరంగు గీత గీశారు. అంటే 128 చదరపుటడుగులు. అక్కయ్య వంటిల్లు 37న్నర. ఆ కారు రోజులో రెండు గంటలు తిరిగి మిగతా కాలమంతా నిద్రపోతుంది. అక్కయ్య పొద్దున్న ఆరింటికి పొయ్యి వెలిగిస్తే రాత్రి పదింటికి గానీ గట్టు తుడవదు. నిద్రపోయేదానికి మూడు రెట్ల చోటు, నిలబడి పనిచేసేదానికి మడత బల్లా! ఇదేం న్యాయం?

ఇందులో ప్రభుత్వం చెప్పే మాట కూడా ఒకటుంది. మన దేశపు జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం, భోజనాలకి వేరే చోటున్న ఇంట్లో కూడా వంటిల్లు 5 చదరపు మీటర్లకి తగ్గకూడదు, వెడల్పు 1.8 మీటర్లకి తగ్గకూడదు. మన లెక్కలో సుమారు 54 చదరపుటడుగులు, ఆరడుగుల వెడల్పు. వంటింట్లోనే భోజనం చేసేట్టయితే 7.5 చదరపు మీటర్లుండాలి. గమనించండి, ఇది కనీసం. ఇంతకన్నా దిగజారకండి బాబూ అని గీసిన గీత. కట్టేవాళ్ళు ఆ గీతనే గరిష్ఠం అనుకున్నా కొంత నయమే. దానికీ కిందికి దిగి, "ఫరవాలేదమ్మా, మడత పొయ్యి పెట్టుకోండి" అంటున్నారు. చెప్పు చిన్నదైతే చెప్పు మారుస్తాం గానీ కాలు మడుచుకుంటామా?

మడవడమే తప్పని నేననను. మడత మనకి కొత్త కాదు. మా నందివెలుగు ఇంట్లో కత్తిపీట మడత కత్తిపీటే. పిల్లలు తిరిగే ఇల్లు గనక కూర తరగడం అవగానే కత్తి పడుకోబెట్టేవారు. మడత మంచం, మడత కుర్చీ సరేసరి. బొగ్గుల కుంపటికి కాళ్ళు లేవు గానీ ఊరంతా తిరిగేది. ఎండాకాలం పెరట్లోకి, వానాకాలం వసారాలోకి, పాలు కాచుకోవడానికి బాలింత గది గుమ్మంలోకి. ఉట్టి ఎందుకు కట్టారు? నేల మీద చోటు మిగలాలనీ, పిల్లికి అందకూడదనీ. చోటు ఎలా వాడుకోవాలో మన అమ్మమ్మలకి ఎవరూ ప్రకటన వేసి నేర్పలేదు. తేడా ఒక్కటే. ఆ రోజుల్లో వస్తువు కదిలితే వంటిల్లు ఇల్లంతా పరుచుకునేది. గాలి ఎక్కడుంటే వంట అక్కడికి వెళ్ళేది. ఈ రోజుల్లో వస్తువు ముడుచుకుంటోంది, దానితోపాటు మనిషీ గోడలోకి వెళ్ళిపోతోంది.

మడతకి ఒక నీతి వుంది. అరుదుగా వాడేదాన్ని మడుస్తాం. పట్టుచీర మడిచి పెట్టెలో పెడతాం గానీ, ముఖం తుడుచుకునే తువ్వాలుని పెట్టెలో పెట్టి తాళం వెయ్యం కదా? నెలకి రెండుసార్లు వచ్చే చుట్టం కోసం వేసిన సోఫా మడవచ్చు. ఆదివారం తప్ప అందరూ కలిసి కూచోని భోజనాల బల్ల మడవచ్చు. ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసే పొయ్యినే మడవాలని ఎవరికి తోచిందో గానీ, ఆ మహానుభావుడు జన్మలో కాఫీ కలుపుకుని వుండడు.

ఎందుకంటే మడవడం దానంతటది జరగదు. పలక దించాలి. వంట కాగానే చల్లారేదాకా ఆగాలి. తుడవాలి, ఆరాలి, ఎత్తాలి. ఒక్కోసారికి అయిదు నిమిషాలే వేసుకోండి. కాఫీకి, వంటకి, సాయంత్రం టిఫినుకి, రాత్రికి, రోజుకి నాలుగుసార్లు. ఇరవై నిమిషాలు. ఏడాదికి 121 గంటలు. అంటే నిద్రాహారాలు లేకుండా అయిదు రోజులు, కేవలం పొయ్యిని ఎత్తడానికీ దించడానికీ! ఆదా అయిన చోటుకి అద్దె ఎవరు కడుతున్నారో ఇప్పుడు తెలిసిందా? పైగా అత్తయ్య ఇత్తడి గిన్నెలూ, పులుసు కాచే రాచ్చిప్పా ఆ పొయ్యి మీద వేడెక్కవు. అయస్కాంతం అంటుకునే అడుగుంటేనే దానికి వేడి పుడుతుంది. అవన్నీ మూటకట్టి అటకెక్కాయి.

గ్యాసు పొయ్యినే మడత చేసి అరలో దాచే ఏర్పాట్లు చూస్తే నాకు భయం కూడా వేస్తుంది. వంటగ్యాసు గాలికన్నా బరువైంది. కారితే పైకి పోదు, నేలబారున పేరుకుంటుంది. గాలి కన్నం లేని చెక్క అరలో సిలిండరూ, రోజుకి నాలుగుసార్లు వంగి లేచే రబ్బరు గొట్టమూ వుంటే అది ఏ ఆదా కింద లెక్క?

అయితే నా అసలు దెబ్బలాట చోటు గురించీ కాదు, కాలం గురించీ కాదు. ఆ గుమ్మంలో నించున్న ముక్కాలిపీట గురించి.

ఒక్క మనిషి వంటిల్లు అనే ఊహ పుట్టింది మన దగ్గర కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరంలో సామాన్యుల కోసం వేల ఇళ్ళు కడుతూ, మార్గరెటె ష్యుటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు చేత వంటిల్లు గీయించారు. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. ఆడమనిషి ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కగట్టి, చేతికందేలా అరలు అమర్చి, ఇస్త్రీ బల్లని గోడకి మడిచేలా పెట్టారు. సుమారు పదివేల ఇళ్ళలో అదే వంటిల్లు. ఆవిడ ఉద్దేశం మంచిదే. చాకిరీ తగ్గితే స్త్రీకి తీరిక దొరుకుతుందనుకున్నారు. కానీ అందులో ఒక్కరే పడతారు. రెండో మనిషికి చోటు లేదు. అది స్త్రీని ఒంటరిని చేసిందని తరవాతి తరం స్త్రీలు దుమ్మెత్తిపోశారు. అదైనా 70 చదరపుటడుగులు సుమండీ! మా అక్కయ్యకి అందులో సగమే దక్కింది.

ఒక్కరే పట్టే వంటింట్లో ఆ ఒక్కరూ ఎవరో నేను చెప్పాలా? 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా కాలవినియోగ సర్వే చేసింది. ఆరేళ్ళు దాటిన మొగవాళ్ళలో ఇంటిపనిలో చెయ్యి పెట్టేవాళ్ళు నూటికి 26 మంది. పెట్టినవాళ్ళు కూడా రోజుకి 97 నిమిషాలే. ఆడవాళ్ళలో నూటికి 81 మంది, రోజుకి 299 నిమిషాలు. దాదాపు అయిదు గంటలు! పాపం, మొగవాళ్ళకి ఇన్నాళ్ళూ సాకులు వెతుక్కోవలసి వచ్చేది. ఇప్పుడా బాధ లేదు. ఆ రోజు నేను బావని "కాస్త కొబ్బరి కోరి పెట్టకూడదూ?" అంటే, సోఫాలోంచి కదలకుండా "లోపల చోటేదీ మరదలా?" అన్నాడు. నిజమే, లేదు! బిల్డరు ఇటుకలతో కట్టి ఇచ్చిన సాకు అది. దాన్ని ఎవరు కాదనగలరు?

కూతురు వచ్చి పోపు నేర్చుకుందామన్నా చోటు లేదు. డెబ్భై దాటిన అత్తగారు కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీద్దామన్నా చోటు లేదు. నందివెలుగులో సంక్రాంతికి అరిసెలు వండేవాళ్ళం. పాకం చూడ్డానికొకరు, పిండి పోస్తుంటే కలపడానికొకరు, ఆకు మీద తట్టడానికొకరు, నూనెలో వెయ్యడానికొకరు, తీసి నూనె వత్తడానికొకరు. అరిసె ఒంటరి మనిషి వంట కాదండీ. ఆ వంటింట్లో మాటలుండేవి, దెబ్బలాటలుండేవి, ఎవరికి ఏ కష్టమొచ్చిందో ముందు అక్కడే తెలిసేది. పొగ వుండేది, మసి వుండేది, ఊకపొయ్యి దగ్గర కళ్ళు మండిపోయేవి. వాటిని నేను వెనక్కి రమ్మనడం లేదు. పొగ పోవడానికి మనుషుల్ని కూడా బయటికి పంపాలా అనే నేనడిగేది.

మరి చోటు నిజంగా లేనివాళ్ళ మాటేమిటంటారా? ఒంటిగదిలో అద్దెకుండే చదువుకునే పిల్లకి, దూరపు ఊళ్ళో ఉద్యోగం చేసుకునే ఒంటరి మనిషికి మడత పొయ్యి వరమే. వాళ్ళని నేనేమీ అనను. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో టిడ్కో వారు కట్టిన ఇళ్ళు 300, 365, 430 చదరపుటడుగుల లెక్కన వున్నాయి. అక్కడ ఇరుకు ఎవరూ కోరుకున్నది కాదు. అయినా అక్కడ కూడా ముందు మడవాల్సింది మంచం, బల్ల, పొయ్యి కాదు. నా కోపం వాళ్ళ మీద కాదు. పన్నెండు వందల అడుగుల ఫ్లాటులో అన్నిటికీ చోటు చూపించి, చివర్న మిగిలిన మూలకి వంటిల్లు అని పేరు పెట్టేవాళ్ళ మీద. ఆ ప్లాను చూసి "బావుంది" అని తలూపే మన మీద కూడాను.

అవును, మన మీదే. ఫ్లాటు చూడ్డానికి వెళ్తే మనం ఏం చూస్తాం? హాల్లో టైల్సు చూస్తాం. బాల్కనీలోంచి తొంగిచూస్తాం. వంటింటి గుమ్మంలో నించుని "చిమ్నీ ఇస్తారా?" అని అడిగి వచ్చేస్తాం. ఈసారి వెళ్ళేటప్పుడు సంచిలో ఒక టేపు వేసుకు వెళ్ళండి. ముందు వంటిల్లు కొలవండి. తరవాత మీ ఆయన్ని కూడా లోపలికి పిలవండి. ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు సింకు దగ్గర నించుని ఒకేసారి వెనక్కి తిరగండి. మోచేతులు తగిలితే ఆ ఇల్లు వద్దని చెప్పండి. హాల్లోంచి రెండడుగులు ఇటు జరపమని, గోడ లేవకముందే అడగండి. గోడ లేచాక మనకి మిగిలేది మడత బందులే.

మొన్న అత్తయ్య నందివెలుగు వెళ్ళిపోయింది. "నాలుగు రోజులుండి వస్తానే" అని చెప్పి, ముక్కాలిపీట చంకన పెట్టుకుని మరీ వెళ్ళింది. పదిహేను రోజులైంది. నిన్న ఫోను చేసి ఎలా వున్నావత్తయ్యా అంటే, "ఆగవే, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి" అని పెట్టేసింది.

పొంగనీ, మహాతల్లి!