ఈల వేయని కోచ్

ఆటగాణ్ణి ఎంత నలగ్గొడితే అంత రాటుదేలుతాడన్న నమ్మకం చాలా దేశాల్లో ఉంది. ఒకరినొకరు ఢీకొని నేలకూల్చుకునే అమెరికన్ ఫుట్‌బాల్‌లో అది మరీ ఎక్కువ. ఈ ఆటల సంచికను ఆ నమ్మకాన్ని ప్రశ్నిస్తూ మొదలుపెడదాం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న సెయింట్ జాన్స్ యూనివర్సిటీ చిన్న కాథలిక్ విద్యాసంస్థ. అమెరికా కాలేజీ క్రీడల్లో డివిజన్ 3 అనే అంచెలోని జట్టు గనక ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వడానికి వీల్లేదు. అక్కడి కోచ్ జాన్ గాగ్లియార్డీ ప్రాక్టీసులో టాకిల్‌నే, అంటే ఎదుటివాణ్ణి పట్టి పడగొట్టడాన్నే, నిషేధించారు. బంతితో దూసుకొచ్చేవాణ్ణి ఆపాల్సిన కుర్రాడు సరైన క్షణంలో సరైన చోటికి చేరితే సరిపోయేది, పడగొట్టాల్సిన పని ఉండేది కాదు. ఈలలుండేవి కావు. కోచ్‌ని ‘జాన్’ అని పిలిస్తే చాలనేవారు. 2003లో ఈ జట్టు ఆడిన 14 ఆటలూ గెలిచింది. జాతీయ టైటిల్ ఫైనల్లో, వరసగా 55 ఆటలు గెలిచి వచ్చిన మౌంట్ యూనియన్ జట్టును 24-6తో ఓడించింది.

ఒక్క ఏడాది అదృష్టమే కదా అనొచ్చు. కానీ 1963, 1965, 1976లలోనూ ఆయన జట్లు జాతీయ టైటిళ్లు గెలిచాయి. 2012లో తప్పుకునేనాటికి ఆయన ఖాతాలో 489 విజయాలున్నాయి. అప్పటికి కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్ని గెలిచిన కోచ్ మరొకరు లేరు. గెలిచే జట్టుకు మంచి ఆటగాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారన్నది మరో అభ్యంతరం. కొంత నిజమే. అయితే వచ్చినవాళ్లు శనివారం జరిగే ఆట దాకా దెబ్బ తగలకుండా ఉండాలి కదా! మెతకదనం క్రమశిక్షణను చెడగొడుతుందనేవారు గమనించాల్సింది ఒకటుంది: ఆయన వదులుకున్నది కాఠిన్యాన్నే, కచ్చితత్వాన్ని కాదు. మన కోచ్‌లూ, తల్లిదండ్రులూ ఈ రెంటినీ ఒకటిగా చూడడం మానుకోవాలి.