సంపాదకుని మాట: తడిని తట్టుకునే వంటగది

వంటగది పునర్నిర్మాణాన్ని తలపెట్టిన గృహస్థులు సాధారణంగా అరల తలుపుల రంగుతో ఆలోచన మొదలుపెడతారు గాని, ఆ గది ఆయుష్షును నిర్ణయించేవి నీటి గొట్టాలు, సింకు కింది చెక్క, గట్టు రాయి అన్న అవగాహనే ఈ సంచికలోని వ్యాసాలకు ప్రాతిపదిక. చెక్క ముక్కలను, రంపపు పొట్టును జిగురుతో అదిమి తయారుచేసే పార్టికల్ బోర్డు చౌకైనదే అయినా, అంచుల్లోంచి తడి చేరితే ఉబ్బిపోయి మరమేకుల పట్టు కోల్పోతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 710 కింద వచ్చే మెరైన్ ప్లైవుడ్, అంటే 72 గంటలపాటు మరిగే నీటిలో ఉంచినా పొరలు విడిపోకూడదన్న పరీక్షకు నిలిచే చెక్క, కనీసం సింకు కిందనైనా ఉండడం అవసరం (అమ్మకందారు మాట కన్నా చెక్కపై ముద్రించిన ఐఎస్‌ఐ గుర్తును చూసుకోవడం మేలు). గట్టు విషయంలో చర్చకు తావు తక్కువ: పాలరాయిలోని కాల్షియం కార్బొనేట్ చింతపండు, నిమ్మరసాల ఆమ్లానికి కరిగి మెరుపు పోగొట్టుకుంటుంది కనుక, పులుపు తగలని పూట అరుదైన తెలుగింటికి చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు వంటి గట్టి రాయే తగినది. గ్రైండరుకు, మిక్సీకి, ఓవెనుకు ప్లగ్గులు ఎక్కడ కావాలో, గొట్టాలు ఏ గోడలో వెళతాయో టైల్స్ అతికించకముందే కొలతలతో గీసిన పటం మీద తేలాలి. ఆ పటాన్ని, గోడ మూసేముందు తీసిన ఫొటోలను భద్రపరిస్తే, ఏళ్ల తర్వాత వచ్చే ప్లంబరుకు గోడంతా పగలగొట్టే పని తప్పుతుంది.