మౌసు పట్టు చేయి

గడచిన నెలలో మాకు వచ్చిన జాబులలో నొకటి గుంటూరు ప్రాంతపు సోదరి యొకతె వ్రాసినది. ఆమె హైదరాబాదులోని యొక వ్యాపార సంస్థకు లెక్కలు వ్రాయు నుద్యోగిని. నాలుగేండ్లనుండి యింటనే భోజనపు బల్లమీద కంప్యూటరు పెట్టుకొని పనిచేయుచున్నది. ఆరు మాసములుగా కుడిచేతి మణికట్టు లాగుచున్నదట. రెండు మాసములనుండి అర్ధరాత్రివేళ బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చుచున్నదట. చేయి విదిలించుకొన్నగాని మరల నిద్రపట్టదు. మొన్న నొకనాడు కాగిన పాలగిన్నె దింపుచుండగా పట్టు జారి పాలన్నియు నేలపాలైనవి. చంటిబిడ్డ ప్రక్కగదిలో నుండుటచే అపాయము తప్పినది. “కూర్చుండి వ్రేలితో నొక్కెడు పనికి గూడ నొప్పియా?” యని యత్తగారు విసుగుకొనిరట. భర్త యెక్కడనో చదివి, నిలువుగా పట్టుకొను క్రొత్తరకపు మౌసు నొకదానిని తెప్పించి యిచ్చెను. “దీనితో నా చేయి బాగగునా? లేక ఉద్యోగము మానుకొనవలసినదేనా? మీరు చెప్పినట్లే చేసెదను” అని యామె జాబు ముగించినది.

చెప్పినట్లే చేసెదనన్న మాట మమ్ము కొంచెము భయపెట్టినది. మేము వైద్యులము గాము. అయినను ఈ విషయమున మేమును కొంత యనుభవించినవారమే యగుటచేతను, ఇట్టి జాబులు నానాటికి హెచ్చుచుండుటచేతను, ఈ నెల యీ ముచ్చటకే వినియోగించుచున్నాము.

ముందుగా నా యత్తగారి మాట. ఆమెను నిందించుటకు మాకు మనసొప్పదు. వడ్లు దంచి, పిండి విసరి, బావినుండి బిందెలు మోసిన తరమువారికి నొప్పియన్న బరువైన పనివలన వచ్చునదియే. కాని తేలికపనిని తెరపిలేక చేయుటవలనను చేయి చెడునన్న సంగతి క్రొత్తది గాదు. ఇటలీ దేశమున రామజ్జీని యను వైద్యుడు వృత్తులవలన గలుగు వ్యాధులనుగూర్చి యొక గ్రంథము వ్రాసెను. 1713లో దానిని పెంచి ప్రకటించినప్పుడు, వ్రాయసగాండ్ర చేతినొప్పిని గూడ నందు వర్ణించెను. ఎడతెగక కూర్చుండుట, చేయి యెప్పుడు నొక్క తీరుననే కదలుట, తప్పు దొరలకుండవలెనన్న మనసులోని బిగువు, ఈ మూడును దానికి హేతువులని యాతడు తలచెను. ఈకకలమునకు బదులు మౌసు నుంచి చూడుడు. మన గుంటూరు సోదరి లెక్కల బల్లయే కన్నుల గట్టును.

మౌసునకు గల వయస్సు అరువది యేండ్లకు మించి కొంచెమే. అమెరికాలో కాలిఫోర్నియాయందు స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయమున ఎంగెల్‌బార్ట్ అనునాతడు ఊహింపగా, 1964లో ఇంగ్లీష్ అను పేరుగల యాతని సహచరుడు దానిని నిర్మించెను. అది యొక చిన్న కొయ్య పెట్టె. అడుగున రెండు చక్రములు, మీద నొక బొత్తాము. వెనుక వ్రేలాడు తీగ తోకవలె నుండుటచే ఎలుక యను ముద్దుపేరు వచ్చినది. 1968 డిసెంబరు 9వ తేదీన సాన్ ఫ్రాన్సిస్కోలో దానిని సభవారికి చూపిరి. తరువాత చక్రములు పోయి గోళీ వచ్చెను, గోళీ పోయి వెలుతురు వచ్చెను, తోకయు పోయినది. అరచేయి నేలకు బోర్లించి పట్టుకొను పద్ధతి మాత్రము చాలకాలము మారలేదు. చిక్కంతయు నక్కడనే యున్నది.

ఒక్క క్షణ మీ సంచిక ప్రక్కనుంచి మీ ముంజేతిని చూచుకొనుడు. మోచేతినుండి మణికట్టువరకు రెండెముక లుండును. బొటనవ్రేలు పైకుండునట్లు, ఎదుటివారికి చేయి యందించు భంగిమలో నుంచినప్పుడు కండరములు సుఖముగా నుండును. అరచేతిని బల్లకు బోర్లించినతోడనే ఒక యెముక రెండవదానిమీదుగా మెలిదిరుగును. తడిబట్ట పిండునప్పటి మెలిక వంటిదే, కొంచెము తేలికది. ఆ మెలికను గంటల తరబడి నిలిపియుంచి, దానిపై మణికట్టును చిటికెనవ్రేలి వైపునకు వంచి, వ్రేళ్లను బొత్తాములమీద గాలిలో తేల్చియుంచినచో ముంజేతి పైవైపు కండరములకు విరామ మెక్కడిది?

నిలువు మౌసన్నది ఈ మెలికను చాలవరకు విప్పుటకు చేసినది. మన యిండ్లలో తిరగలి పిడిని చూచినవారికి దీని నెట్లు పట్టుకొనవలెనో వేరుగా చెప్పనక్కరలేదు. తిరగలి కొయ్య నిలువుగా నుండును; పిడికిలి దానిని చుట్టి పట్టుకొనును; త్రిప్పునది మణికట్టు గాదు, భుజమును మోచేయియు. మా నాయనమ్మగారు తెల్లవారుజామున రెండు మానికెల కందులు విసరియు భుజము నొచ్చెననుటయే గాని మణికట్టు నొచ్చెననుట మేము వినలేదు. నిలువు మౌసును గూడ నట్లే ముంజేతితో కదపవలెను. మణికట్టు నొక్కచోట నాన్చి వ్రేళ్లతో మాత్రమే నెట్టినచో దానిని కొన్న ఫలము దక్కదు.

మే మీ వస్తువును మొదట చూచినప్పుడు నవ్వితిమి. ఒంటెమూపురమువలె నున్న దీనిని బల్లమీద బెట్టుకొనుట యెట్లని సిగ్గుపడితిమి గూడ. అచ్చుప్రతులు దిద్దుటయంతయు కంప్యూటరుమీదికి మారిన తరువాత మా ముంజేయి మోచేతి వద్దనుండి మండసాగెను. అప్పుడు గత్యంతరము లేక కొంటిమి. మొదటివారము నరకమే. ఎక్కడ నొక్కదలచిన నెక్కడనో నొక్కబడుచుండెను; ఒకనాటి సాయంకాలము వంటల శీర్షిక యంతయు చెరిగిపోయి, రాత్రి కూర్చుండి మరల వ్రాసితిమి. రెండు వారములకు చేయి యలవాటుపడెను. నెల తిరుగునప్పటికి మంట తగ్గెను. కాని యప్పుడే మేము కుర్చీ యెత్తును, బల్లను గూడ మార్చితిమి గాన, కీర్తియంతయు మౌసునకే యిచ్చుట న్యాయము గాదు.

ఇక ఆ సోదరి యడిగిన ముఖ్యప్రశ్న. ఆమె చెప్పిన తిమ్మిరి మా మంటవంటిది గాదు. మణికట్టునందు ఎనిమిది చిన్న యెముకలు తొట్టివలె నమరియుండును. ఆ తొట్టిమీద అడ్డముగా నొక గట్టి పట్టీ. ఆ యిరుకు సందులోనుండి వ్రేళ్లను ముడుచు త్రాళ్లవంటి నారలు తొమ్మిదియు, మధ్యస్థనాడి యను స్పర్శనాడి యొకటియు పోవుచున్నవి. ఏ కారణముచేతనైన లోపల వాచినచో నలుగునది ఆ మెత్తని నాడియే. దాని యేలుబడిలోనివి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము. కావుననే తిమ్మిరి యా వ్రేళ్లకే పరిమితమగును, రాత్రివేళ హెచ్చును, చేయి విదిలించిన తగ్గును. చిటికెనవ్రేలే తిమ్మిరెక్కుచున్నచో అది వేరొక నాడి. మోచేతిని గట్టిబల్లపై నానించువారికి అట్లు గలుగవచ్చును.

ఈ నాడి నలుగుట పురుషులకంటె స్త్రీలకే హెచ్చు. గర్భిణులకు, మధుమేహము గలవారికి, థైరాయిడు గ్రంథి మందగించినవారికి, కీళ్లవాతమువారికి మరింత హెచ్చు. మౌసువలననే ఇది వచ్చునా యన్న విషయమున వైద్యులలో నేకాభిప్రాయము లేదు. 2015లో ప్రకటితమైన యొక పరిశోధనయందు, ఈ వ్యాధి యున్నవారికి నిలువు మౌసు నిచ్చి మణికట్టు సందులోని యొత్తిడిని కొలిచి చూచిరి. చేయి నిలుపు తీరు మారినది గాని, లోపలి యొత్తిడి తగ్గలేదు. 2018లో పరిశోధనల నన్నింటిని కలిపి పరిశీలించినవారు, ముంజేతికి ఆనుడును వేరురకపు మౌసును కలిపి వాడినచో మెడ, భుజముల బాధ కొంత తగ్గవచ్చుననిరి. కుడిచేతి విషయమున నట్టి మేలు కనబడలేదు. అందుచే అంగడివారి ప్రకటనలలో “మణికట్టు వ్యాధికి దివ్యౌషధ”మన్న ధోరణి మాటలున్నచో నమ్మవలదు.

సోదరీ! మీ భర్త ప్రేమతో తెచ్చిన మౌసును వాడుకొనుడు. కాని యీ వారమే వైద్యుని జూడుడు. చేతిలోని వస్తువు జారుట ఉపేక్షింపదగిన సంగతి గాదు. నాడి చాలకాలము నలిగినచో బొటనవ్రేలి మొదటనుండు కండ కరగి చదునగును. ఒకసారి కరగిన తరువాత శస్త్రము చేసినను పూర్వపు బలము పూర్తిగా రాకపోవచ్చును. వైద్యుడు నాడి వేగమును విద్యుత్తుతో పరీక్షింపవచ్చును. మీది బాలింతతనము కొలదికాలము క్రిందటిదే గాన థైరాయిడును, రక్తములోని చక్కెరను గూడ చూడుమని మీరే యడుగుడు. తొలిదశలో నిద్రవేళ మణికట్టును తిన్నగా నుంచు పట్టీ కట్టుకొనుటతోనే చాలమందికి ఉపశమనము గలుగును. అవసరమైనవారికి ఆ యడ్డు పట్టీని కోసి నాడికి చోటుచేయు చిన్న శస్త్రచికిత్సయు నున్నది.

తిమ్మిరి లేక, లాగుట, మంట మాత్రమే యున్నవారికి మౌసు మార్చుట నిజముగా మేలుచేయవచ్చును. కొనునప్పుడు మొదట చూడవలసినది పరిమాణము. పెద్ద చేతులవారికై చేసిన మౌసు మన చిన్న చేతులకు బొత్తామందక వ్రేళ్లు చాపవలసివచ్చును. అంతకంటె పాతదే నయము. వేయి రూపాయల ప్రాంతమున దొరకునవి గలవు. పేరొందిన సంస్థలవి ఐదువేలు దాటును. వెలకును చేతికి కుదురుటకును సంబంధము లేదు. ఎవరివద్దనైన నుండిన నొక దినము అడిగి తెచ్చుకొని పట్టిచూచుట మేలు. మౌసును కదపక బొటనవ్రేలితో గోళీని త్రిప్పు రకము గూడ నున్నది. భుజము నొచ్చువారికి బాగుగా నుండును గాని, బొటనవ్రేలి మొదట నొప్పి యున్నవారు దాని జోలికి పోరాదు.

బల్ల సంగతి మౌసుకంటె ముఖ్యము. మన భోజనపు బల్లలు కంప్యూటరు పనికి ఎత్తెక్కువ. భుజములు పైకెగసి, మణికట్టు బల్ల యంచున నొరసికొనును. కుర్చీమీద దిండువేసి, మోచేయి బల్ల మట్టమునకు వచ్చునట్లు ఎత్తు పెంచుకొని, క్రింద వ్రేలాడు పాదములకు వంటయింటి పీట యొకటి వేసికొనుడు. ఇంకొక్కటి: మీటలపలకకు కుడివైపున అంకెల గడులు వేరుగా నుండును గదా. అవి మౌసును దూరమునకు నెట్టివేయుచున్నవి. ఆ దూరపు చాపుటయే దినమంతయు భుజమును పీకును. అంకెల గడులు లేని పొట్టి పలక వాడవచ్చును. లెక్కలవారికి అంకెలు విడువరానివి. వారు మౌసునే యెడమప్రక్కకు మార్చుకొనుట మంచిది. కంప్యూటరులో బొత్తాములను త్రిప్పివేయు నేర్పాటు కలదు. అయితే కుడిచేతికి చేసిన నిలువు మౌసు ఎడమచేతికి పనికిరాదు. మామూలు మౌసు చాలును. వారమున కొన్ని దినములు ఈ చేయి, కొన్ని దినములు ఆ చేయి. బాణపు గురుతు వేగమును కొంచెము హెచ్చించినచో చేయి తక్కువ కదలును. మీటలతోనే జరుగు పనులకు మౌసు ముట్టనే వలదు. మణికట్టు క్రింద పెట్టుకొను మెత్త యొకటి యమ్ముదురు. కదపునప్పుడు దానిపై మణికట్టు నదిమియుంచుట సరికాదు.

ఈ పత్రికలో గాక వేరెచ్చటను దీనిని వ్రాయరేమో: మగవాని చేయి ఆఫీసు విడిచినతోడనే విశ్రమించును. మన చేయి మౌసు విడిచి చపాతీపిండి పట్టును. తడిబట్టలు పిండును, కొబ్బరి తురుమును, బిడ్డ నెత్తుకొనును. ఇవన్నియు మణికట్టును వంచి బిగబట్టు పనులే. ఎనిమిది గంటల యుద్యోగము చేసిన చేతికి మౌసు మార్చి, ఈ నాలుగు గంటలను లెక్కలోనికి తీసికొననివారు సగము వైద్యమే చేయుచున్నారు. బట్టలు పిండుట, పిండి కలుపుట ఇంటిలో మరియొకరు చేయవలెను. మరియొకరనగా అత్తగారే కానక్కరలేదు. మౌసు తెచ్చిన యాతనికిని చేతులు రెండున్నవి.

ఉద్యోగము మానుమని మేము చెప్పము. ఆమె సంపాదనతో ఆ యింట ఏమేమి నడుచుచున్నవో మే మెరుగము, ఆమె యెరుగును. చేతికి చికిత్స యున్నప్పుడు జీతమును ముందుగా వదలుకొనుట తొందరపాటు. సంస్థవారికి వైద్యుని చీటి చూపి, కొన్ని వారములు పనివేళ తగ్గింపుమని యడుగుట తప్పు గాదు. ఈ మాటలను సంచిక వెలువడకముందే యామెకు జాబుగా వ్రాసితిమి. మొన్న మారుజాబు వచ్చినది. పరీక్షలో నాడి నలిగినట్లే తేలినదట. కండ యింకను చెడలేదట. రాత్రి పట్టీ ఆరు వారములు కట్టుకొని మరల రమ్మనిరి. మౌసు ఎడమప్రక్కకు మారినది. అక్షరములు కొంచెము వంకరగా నుండుట చూచి, జాబు గూడ నెడమచేతితోనే వ్రాసినదా యని మాకు సందేహము కలిగినది.