కాలని యిల్లు

మా నెల్లూరు తీరంలో గాలివానంటే రేడియో ముందే చెబుతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర పెద్ద తుఫాను తీరం దాటినప్పుడూ అంతే. నిప్పు అలా కాదు, కబురంపి రాదు.

మొన్న వేసవిలో మిట్టమధ్యాహ్నం పక్క పట్టపుపాలెంలో ఒక తాటాకు యిల్లు అంటుకుంది. పడమటి గాలి. రవ్వలు కప్పు మీదినించి కప్పు మీదికి ఎగురుతున్నాయి. నేను బిందె పుచ్చుకుని పరుగెత్తేసరికి ఏడిళ్ళు బూడిద. మంచాన పడ్డ ముసలాయన ఒకరు బయటికి రానేలేదు. ఎనిమిదో యిల్లు మాకు చేపలు తెచ్చే ఆమెది. కప్పు పీకేయబోయి మగవాళ్ళు తటపటాయించారు. "చూస్తారేం? పీకండయ్యా!" అంది ఆమే. తాటాకులు దూరంగా లాగి పారేశారు. మంట అక్కడ ఆగింది.

కార్చిచ్చుకైనా యిదే మందు. 2014 మార్చిలో శేషాచలం అడవి తగలబడితే వాయుసేన హెలికాప్టర్లు నీళ్ళు పోశాయి. అయినా ఎండుటాకులు ముందే ఊడ్చి బాట తీసి వుంచడమే అడవికి అసలు కాపుదల.

మర్నాడు మేం బియ్యం, గిన్నెలు, చీరలు పోగుచేసి పట్టుకెళ్ళాం. జాబితాలో ఏడు పేర్లే. ఎనిమిదో యిల్లు కాలలేదు గదా! ఆ జాబితా రాసింది నేనే. ఆమె ఏమీ అనలేదు. కాలిన యిళ్ళ ఆడవాళ్ళే తలా దోసెడు బియ్యం తెచ్చి ఆమె చాటలో పోశారు.

సిగ్గుపడి కలం తీశాను. పదేళ్ళుగా చేపలు కొంటున్నాను. పేరు మాత్రం అప్పుడే అడిగాను.

మీరెప్పుడైనా యిలాంటి జాబితా రాయవలసివస్తే, కాలిన యిళ్ళతోపాటు మంట ఎక్కడ ఆగిందో కూడా చూడండి.