బుర్ర తక్కువా, చోటు తక్కువా?

స్వయం ఉపాధి శిక్షణలకి పోయొచ్చిన మన కుర్రాళ్లు ఒకే మాట చెబుతున్నారు. "మీ ఆలోచన మారాలి, వ్యాపారం ముందు బుర్రలో పుట్టాలి" అన్నారట అక్కడి సార్లు. అప్పు సంగతి అడిగితే మళ్లీ అదే పాఠం.

ఈ పాఠాన్ని మన తెలుగు నేల మీదే పరీక్షించి చూశారు. 1964లో హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్‌క్లెలాండ్ కాకినాడ వ్యాపారస్తుల్ని హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకి రప్పించి, సాధించాలన్న పట్టుదల పెంచే తరగతులు పెట్టించాడు. తర్వాత చూస్తే వాళ్లు మిగతావాళ్లకన్నా చురుగ్గా కొత్త పనులు మొదలెట్టారట. పాత ఆచారాలు, నమ్మకాలు అడ్డు రాలేదని కూడా తేల్చాడు. అబద్ధమని మేము అనం. కానీ ఆ తరగతుల్లో కూచున్నది ఎవరు? అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లు.

ఆయనదే ఇంకో పరీక్ష. మేకుకి రింగు విసరమంటాడు. మరీ దగ్గర్నించీ కాదు, మరీ దూరం నించీ కాదు, తగినంత దూరం చూసుకుని విసిరేవాడికే వ్యాపారి బుర్ర ఉన్నట్టు. మన రెల్లి అప్పలు ఏటా చేస్తున్నది ఇదే కదా! మామిడి పూత చూసి ఎంత కాపు నిలుస్తాదో, గాలికి ఎంత రాలిపోద్దో లెక్కగట్టి బుగతకి బయానా ఇస్తారు. అదీ నూటికి పది వడ్డీ డబ్బు. పండు ఆగదు. పొద్దున ఏ ధర చెప్పాలి, మధ్యాన్నం ఎంతకి దిగాలి, పొద్దుగూకేసరికి ఏది తెగనమ్మాలి, ఏ కాలేజీ నేర్పింది?

అయినా తరాలుగా తట్ట తట్టగానే ఉంది. తొక్క ఉన్న పండు ఎవరైనా కొంటారు. అదే అప్ప ఇడ్లీ వండి అమ్మితే పెద్దవీధి వాళ్లు ఎంతమంది తింటారు? తొక్క వలిచేది తమ చెయ్యే కాబట్టి పండుకి మైల లేదు.

బాబాసాహెబ్‌కే తప్పలేదు. కొలంబియాలో అర్థశాస్త్రం చదివొచ్చి బొంబాయిలో షేర్ల మీద సలహాలిచ్చే సంస్థ పెడితే, చెప్పేవాడు అంటరానివాడని తెలిసి గిరాకీ ఆగిపోయింది. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ఉద్యోగానికి చేరారు. ఆయనకి బుర్ర తక్కువని ఏ సారు అంటారో చూద్దాం.

ఇక సర్కారు అప్పు. 2016లో స్టాండప్ ఇండియా అన్నారు. ప్రతి బ్యాంకు బ్రాంచీ ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకి 10 లక్షల నుంచి కోటి దాకా ఇవ్వాలన్నారు. తట్టకి కావలసింది వేలల్లో! 2020లో స్వనిధి కింద మొదటి విడత 10 వేలన్నారు. అది పనికొచ్చేదే. కానీ వీధిలో అమ్ముతున్నట్టు మున్సిపాలిటీ కాగితం కావాలి.

ఆ కాగితం ఎవరి దయా కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి ధ్రువపత్రాలు ఇవ్వాలి. అంతదాకా ఎవర్నీ లేపకూడదు. పట్టణ కమిటీలో నూటికి 40 మందికి తగ్గకుండా అమ్ముకునేవాళ్లే ఉండాలి. శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి, పలాస కార్యకర్తలు ఈ పక్షంలోనే తట్టలు పెట్టే ప్రతి వీధీ తిరిగి పేర్లు రాయండి. మున్సిపాలిటీకి పోయి ఎవరికి కాగితం వచ్చింది, కమిటీలో మనవాళ్లెవరు అని అడగండి. ఆ రోజు శిక్షణ సార్లనీ వెంట రమ్మనండి. జాబితా మాకు పంపితే వచ్చే సంచికలో వేస్తాం.