ముప్పై సెకన్ల మైకు

మైకు ముందుకు రాగానే మనవాళ్లు 1956 నుంచి అందుకుంటారు. పెద్దమనుషుల ఒప్పందం, ముల్కీ రూల్స్, ఆరు సూత్రాలు... 1985 నాటి 610 జీవో దగ్గరికి వచ్చేసరికి కెమెరామన్ వైర్లు చుట్టుకుంటుంటాడు. రాత్రి వార్తల్లో వచ్చేది మాత్రం కోపంలో నోరుజారిన ఒక్క తిట్టు!

ఛానళ్ల పక్షపాతాన్ని తిట్టడం మనకు కొత్త కాదు. తిట్టాల్సిందే. 2009 డిసెంబర్ 9 ప్రకటనకు ముందూ వెనకా ఏ స్టూడియో ఎటు వంగిందో అందరం చూసినం. కానీ మైకు మన నోటి ముందున్న ఆ ముప్పై సెకన్లను పాడుచేసిందెవరు? 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మైకు ముందు మన తీరు మాత్రం మారలేదు.

"నిజం మాట్లాడేటోనికి తయారీ ఎందుకు?" అని దబాయించే పెద్దలున్నారు. మంత్రి వెనక పీఆర్వో ఉంటాడు, అంకెల చీటీ అందిస్తాడు. అశోక్‌నగర్ రూము నుంచి రోడ్డెక్కిన పిల్లకు ఎవరున్నారు? తయారీ అవసరం ఎవరికి ఎక్కువ?

"నిరుద్యోగులకు తీరని అన్యాయం జరిగింది, ప్రభుత్వం వెంటనే స్పందించాలి." ఈ మాట ఏ ధర్నాకైనా అతుకుతుంది. అందుకే ఎడిటర్ అవతల పారేస్తాడు. అదే పిల్ల ఇట్ల చెప్పిందనుకోండి: "గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ల రాసినం. పేపర్ లీకైందని రద్దు చేసిన్రు. 2023 జూన్ల మల్ల రాసినం. హైకోర్టు రద్దు చేసింది. కొత్త నోటిఫికేషనిచ్చి 2024 జూన్ల మూడోసారి రాయించిన్రు. ఈ ఇరవై నెలల రూము కిరాయి ఎవరు కడ్తరు?" దీన్ని ఎక్కడ కత్తిరిస్తాడు? ఏ ముక్క తీసుకున్నా మన మాటే. ఇది మన యాసలోనే చెప్పాలి. మైకు చూడగానే పుస్తకాల భాష ఎత్తుకుని తడబడేవాళ్లను చూస్తే జాలేస్తుంది. మన భాషను సినిమాల్లో విలన్లకిచ్చి ఎక్కిరించిన రోజులు మరిచిపోయినమా?

ఇక ప్రశ్నల సంగతి. 2021 డిసెంబర్‌లో వచ్చిన 317 జీవో మీద కొట్లాడే టీచర్‌ను "మీ వెనక ఏ పార్టీ ఉంది?" అని అడుగుతారు. "మా వెనక ఏ పార్టీ లేదు" అన్నారా, చిక్కినట్టే. ఎడిటింగ్‌లో ప్రశ్న ఎగిరిపోతుంది, జవాబు మిగులుతుంది, కింద స్క్రోలింగ్‌లో పార్టీ గొడవే తిరుగుతుంది. వాళ్ల మాట మన నోటితో ఎందుకు పలకాలి? "317 జీవోల సీనియారిటీ చూసిన్రు, స్థానికత చూడలే. స్థానికత కోసమే గదా తెలంగాణ తెచ్చుకున్నది" అనాలి. జీవో పేరు జవాబులోనే ఉండాలి. లేకుంటే టీవీ చూసేటాయనకు సంగతేందో తెల్వదు. జీవో కాపీ చేతిలో ఉంటే మరీ మంచిది. పక్కనున్న మిత్రుడు ఫోన్‌లో మొత్తం రికార్డు చేయాలి. రేపు మాట వక్రీకరిస్తే చూపడానికి ఆధారం ఉంటుంది.

ఒకరు మాట్లాడుతుంటే వెనక పదిమంది జిందాబాద్ కొట్టడం మనకో జబ్బు. మాట్లాడేవారి గొంతు వినపడదు, అంతే. అధ్యక్షుడే మాట్లాడాలన్న పట్టింపు ఇంకో జబ్బు. మూడు పరీక్షల తేదీలు నోటికున్న పిల్ల పక్కనే నిలబడి ఉంటుంది. ఆ మైకు ఆమెకియ్యండి. అధ్యక్షులవారు అర నిమిషం ఫ్రేములోంచి పక్కకు జరిగితే సంఘం ఏమీ కూలిపోదు.